కబురు చేస్తామన్నారు

ఆ రాకెట్టు ఎగరడానికి మూడు నెలల ముందే రద్దయిపోయింది.

1971 అక్టోబరు 28. దక్షిణ ఆస్ట్రేలియాలోని వూమెరా ఎడారి. కనుచూపు మేరా ఎర్రమట్టి, తుప్పలు. మధ్యలో పదమూడు మీటర్ల ఎత్తున బ్లాక్ యారో. పేరులోనే నలుపు గానీ, మొనకు మాత్రం ఎర్రరంగు. అందుకే దాన్ని లిప్‌స్టిక్ రాకెట్టు అనేవాళ్లు. తయారుచేసింది బ్రిటన్. రద్దు చేసిందీ బ్రిటనే. ఉపగ్రహాలు పంపుకోవాలంటే అమెరికా రాకెట్టు ఇంతకన్నా చవగ్గా దొరుకుతుంది, మనకెందుకీ తలనొప్పి అని జులైలోనే లండన్‌లో లెక్క తేల్చేశారు. కాకపోతే ఆఖరి రాకెట్టు అప్పటికే సిద్ధమై ఆస్ట్రేలియా దారి పట్టింది. సరే, వెళ్లింది కాబట్టి ఎగరేసి రమ్మన్నారు. పెళ్లి తప్పిపోయింది గానీ వంటలయిపోయాయి కదా, భోంచేసి వెళ్లండి అన్నట్టు.

ఆ రోజు బ్లాక్ యారో ఎక్కడా తడబడలేదు. 66 కిలోల ప్రాస్పెరో ఉపగ్రహాన్ని బుద్ధిగా కక్ష్యలో పెట్టింది. సొంత రాకెట్టుతో ఉపగ్రహాన్ని పైకి పంపగలిగే విద్య నేర్చి, ఆ విద్యను తన చేతులతోనే అటకెక్కించిన దేశం ప్రపంచంలో ఒక్క బ్రిటనే.

అప్పటికి ఆలన్ బాండ్‌కు ఇరవయ్యేడేళ్లు. ఈ కథ ఆయనది. కాదు, ఆయన ఇంజిన్‌ది.

రోల్స్ రాయిస్ కంపెనీ అనగానే మనకు పొడవాటి కారు గుర్తొస్తుంది. ఆ కంపెనీకి ఒకప్పుడు రాకెట్ల విభాగం ఉండేది. బ్లూ స్ట్రీక్ అనే క్షిపణికి ఇంజిన్లు చేసేది. ఆ క్షిపణినీ బ్రిటన్ రద్దు చేసి, తర్వాత యూరప్ ఉమ్మడి రాకెట్టుకు అడుగు అంచెగా ఇచ్చింది. అదీ గట్టెక్కలేదు. బాండ్ అక్కడే పని నేర్చుకున్నాడు. ఆయన పనిచేసిన ప్రతి ప్రాజెక్టు చివర్లో ఒక రద్దు కాగితం ఉందంటే అతిశయోక్తి కాదు. 1973 నుంచి ఐదేళ్లపాటు కొందరు ఔత్సాహికులతో కలిసి, సూర్యుడికి ఆరు కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న బర్నార్డ్ నక్షత్రానికి నౌకను పంపాలంటే ఎలా కట్టాలో లెక్కలు వేశాడు. డీడలస్ అని దానికి పేరు. కాంతి వేగంలో పన్నెండు శాతం వేగంతో పోయే నౌక! కాగితం మీద నక్షత్రం దాకా వెళ్లొచ్చిన ఈ మనిషికి, నేల మీంచి 300 కిలోమీటర్లు పైకి పోవడానికి కావలసిన డబ్బు మాత్రం జీవితకాలంలో దొరకలేదు.

1980ల తొలినాళ్లలో ఆయన బుర్రలో మెదిలిన ఆలోచన చెప్పుకోవడానికి చాలా మామూలుది. హైడ్రోజన్‌తో నడిచే రాకెట్టు, కిలో హైడ్రోజన్‌కు దాదాపు ఆరు కిలోల ఆక్సిజన్‌ను వెంట మోసుకుపోతుంది. బయలుదేరేటప్పటి బరువులో సింహభాగం అదే. మొదటి పాతిక కిలోమీటర్లూ గాలిలోంచే కదా ప్రయాణం! చుట్టూ ఆక్సిజన్ పెట్టుకుని, ట్యాంకు నిండా ఆక్సిజన్ మోయడమేమిటి? గోదాట్లో పడవ మీద పోతూ తాగడానికి బిందెలకొద్దీ నీళ్లు నింపుకున్నట్టు. విమానంలా రన్‌వే మీంచి లేచి, గాలి దొరికినంత మేరా గాలి పీల్చుకుని, అది పల్చబడ్డాక మాత్రమే సొంత ఆక్సిజన్ వాడుకుంటే? అంచెలంచెలుగా ముక్కలు సముద్రంలో పారేసుకోకుండా, వెళ్లిన విమానం వెళ్లినట్టే తిరిగొస్తే? సాయంత్రానికి దిగి, ఇంధనం పోసుకుని, మళ్లీ బయలుదేరితే?

చిక్కల్లా వేగంతో వచ్చింది. ధ్వనికి ఐదు రెట్ల వేగంతో పోతుంటే, ఇంజిన్ నోట్లోకి దూసుకొచ్చే గాలి అక్కడ ఒక్కసారిగా ఆగి, ఒత్తుకుని, వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాకా కాగిపోతుంది. అంత వేడిగాలిని ఇంకా కుదించాలంటే ఏ లోహపు రెక్కలూ తట్టుకోవు. అంటే లోపలికొచ్చిన గాలిని వచ్చింది వచ్చినట్టే చల్లార్చాలి. వెయ్యి నుంచి మైనస్ 150 డిగ్రీలకు. ఎంతసేపట్లో? సెకనులో వందో వంతులో.

పొగలు కక్కే కాఫీని గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోసి తాగే వేడికి తేవడానికే మనకు అరనిమిషం పడుతుంది.

బాండ్ ఆలోచన బ్రిటిష్ ఏరోస్పేస్‌కూ రోల్స్ రాయిస్‌కూ నచ్చింది. హోటాల్ అనే అంతరిక్ష విమానం బొమ్మ కాగితాల మీదికి, పత్రికల మొదటి పేజీల మీదికి ఎక్కింది. 1986లో ప్రభుత్వం కూడా తలూపింది. సుమారు 20 లక్షల పౌండ్లతో రెండేళ్ల అధ్యయనం. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ తమ దేశపు అంతరిక్ష విమానం గురించి కాంగ్రెస్ ముందు గొప్పగా చెప్పాడు. జనవరిలోనే ఛాలెంజర్ షటిల్ ఏడుగురితో పేలిపోయింది. పాత దారి మూసుకుపోయింది, కొత్త దారి రన్‌వే మీంచే అని అందరూ నమ్మిన కాలమది.

ఇక్కడ కథ ఒక వింత మలుపు తిరుగుతుంది. ఇంజిన్‌కు పేటెంటు కోసం దరఖాస్తు చేస్తే, దేశ రక్షణకు సంబంధించిన రహస్యమంటూ ప్రభుత్వం దాని మీద ముద్ర వేసింది. కనిపెట్టిన మనిషే బయట దాని గురించి నోరెత్తకూడదు. హక్కులేమో రోల్స్ రాయిస్ చేతిలో. ఇంతలో కాగితం మీది విమానానికీ రోగాలు బయటపడ్డాయి. బరువైన ఇంజిన్ తోక దగ్గర ఉండటంతో, ఇంధనం ఖర్చయ్యేకొద్దీ బరువు వెనక్కి జరిగి విమానం నిలకడ తప్పుతుంది. ఒక్కో దోషం సరిదిద్దేకొద్దీ అది మోయగల సరుకు తరుగుతూ వచ్చింది. 1988లో ప్రభుత్వం చెయ్యి కడిగేసుకుంది. రోల్స్ రాయిస్ తప్పుకుంది. ఇంజిన్ బీరువాలో ఉంది. తాళం చెవి ఆ ఇంజిన్‌ను పుట్టించినవాడి దగ్గర లేదు.

ఆ వయసులో, ఆ స్థితిలో మామూలు మనిషైతే ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకుని, పింఛను లెక్కలు చూసుకుంటాడు. బాండ్ 1989లో రోల్స్ రాయిస్‌లో పనిచేసి వచ్చిన రిచర్డ్ వార్విల్‌నూ, జాన్ స్కాట్ స్కాట్‌నూ కలుపుకుని రియాక్షన్ ఇంజిన్స్ అని చిన్న కంపెనీ పెట్టాడు. తర్వాత చేసిన పని నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా నచ్చినది: తన పాత ఇంజిన్ రహస్య ముద్ర కింద ఉంది కాబట్టి, ఆ ముద్ర అడ్డురాని కొత్త ఇంజిన్‌ను మళ్లీ మొదటినుంచి గీశాడు. గాలికీ హైడ్రోజన్‌కూ మధ్య హీలియం వలయాన్ని తెచ్చిపెట్టాడు. గాలిలోని వేడిని హీలియం లాక్కుంటుంది. ఆ హీలియాన్ని మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ చల్లబరుస్తుంది. లాక్కున్న వేడి వృథా కాకుండా ఇంజిన్‌లోని చక్రాలనే తిప్పుతుంది. ఈ ఇంజిన్ పేరు సేబర్. దాన్ని మోసే విమానం స్కైలాన్. రెక్కల కొసల్లో చెరొక ఇంజిన్, మధ్యలో సన్నగా నల్లగా 80 మీటర్లు దాటిన ఒళ్లు. తోక బరువు గొడవ అలా తీరింది. లెక్క ప్రకారం ఒక్కో విమానం రెండు వందల సార్లు అంతరిక్షానికి వెళ్లొస్తుంది, ఒక్కో విడత 15 టన్నులు మోస్తుంది. పెట్టుబడి మాత్రం 1,200 కోట్ల డాలర్ల పైమాట.

ముగ్గురు మనుషులు, 1,200 కోట్ల డాలర్లు. వాళ్లు ఆక్స్‌ఫర్డ్ పక్కన కల్హమ్‌లో కూర్చుని మొదట ఒక్క గొట్టం సంగతి తేల్చుకుందామనుకున్నారు.

ఆ గొట్టం గురించి కాస్త నిదానంగా చెప్పాలి. మిల్లీమీటరు లావు. గోడ మందం వెంట్రుక కన్నా తక్కువ. ఇన్‌కొనెల్ అనే నికెల్ మిశ్రమ లోహంతో చేసింది. చేతిలోకి తీసుకుంటే మొక్కజొన్న పీచులా తేలిపోతుంది. లోపల హీలియం తీవ్రమైన ఒత్తిడితో పరుగెడుతుంటే, బయట నిప్పులాంటి గాలి తోసుకొస్తుంటుంది. అలాంటి గొట్టాలు వేలకొద్దీ, కిలోమీటర్ల పొడవున, సుడిలా చుట్టి, ఒక్కో కొసనూ అతికి, పీపాలా పేర్చాలి. వేల అతుకుల్లో ఒక్కటి కారినా మొత్తం దండగే. ఎందుకంత సన్నం అంటే బరువు కోసం. పూర్తిస్థాయి ఇంజిన్‌లో గాలిని చల్లార్చే ఈ పీపా, అంటే ప్రీకూలర్, ఓ మోస్తరు విద్యుత్కేంద్రపు స్థాయిలో వేడిని గుంజెయ్యాలి. బరువు మాత్రం టన్ను, టన్నుంపావు దాటకూడదు. అదే పని చేసే మామూలు పరిశ్రమల రేడియేటర్ని విమానానికి తగిలిస్తే అది రన్‌వే మీంచి లేవదు.

అసలు శత్రువు వేడి కూడా కాదు. మంచు. మా ఇంట్లో వెనకటి కాలపు ఫ్రిజ్ ఒకటుండేది. వారానికోసారి పైఅరలో మంచు పెచ్చులు కట్టి తలుపు పడేది కాదు. అమ్మ ఫ్రిజ్ ఆపేసి, కింద పాతబట్ట పరిచి, అట్లకాడతో పొడిచేది. గాలిలో తేమ ఉన్నచోట చల్లటి లోహం ఉంటే జరిగేదదే. మైనస్ 150 దగ్గరైతే వారం అక్కర్లేదు, కొన్ని సెకన్లలో గొట్టాల సందులన్నీ మంచుతో పూడుకుపోతాయి. ఇంజిన్‌కు ఊపిరాడదు. వేల మీటర్ల ఎత్తున అట్లకాడ పనికి రాదు.

దానికి మందు కనిపెట్టారు గానీ చాలా ఏళ్లు చెప్పలేదు. పేటెంటు తీసుకుంటే అచ్చేసి ప్రపంచానికి చూపించాలి. ఒకసారి కాలిన చెయ్యి కదా. గుట్టుగా దాచుకున్నారు. తర్వాత బయటపెట్టిన సంగతేమిటంటే, గాలిలోకి మిథనాల్‌ను సరైన చోట్ల, సరైన పాళ్లలో చల్లడం. నీటితో కలిసిన మిథనాల్ గడ్డకట్టే ఉష్ణోగ్రతను కిందికి దించుతుంది, ఆ ద్రవాన్ని గొట్టాల మీంచి పట్టి తీసేస్తారు. శీతల దేశాల్లో కారు రేడియేటర్‌లో పోసే మందు చేసే పనే. ఎక్కడ, ఎంత అన్నదే అసలు విద్య.

2012లో కల్హమ్ పరీక్షా కేంద్రంలో ప్రీకూలర్‌ను బిగించారు. వెనక వైపు ఓ పాతకాలపు వైపర్ జెట్ ఇంజిన్. అది ఎగరడానికి కాదు, ప్రీకూలర్ గుండా బయటి గాలిని గట్టిగా లాగడానికి. వైపర్ రంకె మొదలైంది. ఇంగ్లండ్ తేమగాలి గొట్టాల్లోకి దూరింది. లోపల ఉష్ణోగ్రత సున్నా దాటి, మైనస్ యాభై దాటి, నూరు దాటి కిందికి జారుతోంది. గాలి దారి పూడుకుపోవడం మొదలైతే ఒత్తిడి సూచిక వెంటనే చెప్పేస్తుంది. ముల్లు కదల్లేదు. మైనస్ 150. పరీక్షను పక్కన ఉండి గమనించిన యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ నిపుణులు, నవంబరులో ఈ ప్రీకూలర్ చెప్పిన పని చేస్తోందని తేల్చారు. బాండ్‌కు అప్పటికి అరవై ఎనిమిదేళ్లు.

ఇక డబ్బు తోసుకొస్తుందనుకున్నారు. వచ్చింది, పెళ్లిచూపులకు వచ్చినట్టు. అబ్బాయి బుద్ధిమంతుడు, చదువు బాగుంది, ఇంటికెళ్లి కబురు చేస్తాం.

2013 జులైలో బ్రిటిష్ ప్రభుత్వం 6 కోట్ల పౌండ్లు ప్రకటించింది. అందులో 5 కోట్ల గ్రాంటుకు యూరోపియన్ కమిషన్ అనుమతి రావడానికి 2015 ఆగస్టు పట్టింది. ఆ నవంబరులో బీఏఈ సిస్టమ్స్ 2 కోట్ల 6 లక్షల పౌండ్లు పెట్టి ఐదో వంతు వాటా తీసుకుంది. హోటాల్‌ను మొదలుపెట్టి వదిలేసిన బ్రిటిష్ ఏరోస్పేస్ వారసత్వ కంపెనీయే ఈ బీఏఈ. 2018లో బోయింగ్‌తో పాటు రోల్స్ రాయిస్ కూడా వచ్చింది. ముప్పై ఏళ్ల క్రితం పీటల మీంచి లేచిపోయిన సంబంధమే మళ్లీ గుమ్మం తొక్కింది. ఆ విడత మొత్తం 2 కోట్ల 65 లక్షలు. 2023లో ఎమిరేట్స్ ప్రభుత్వ నిధి తోడుగా ఇంకో 4 కోట్లు. ఇవన్నీ కూడితే 15 కోట్ల పౌండ్ల లోపే. స్కైలాన్ అంచనా ఖర్చులో అరవయ్యో వంతు. అదీ పదేళ్లలో, విడతలు విడతలుగా. ప్రతి విడతా వెనకటి సందేహాన్ని తీర్చడానికి సరిపోయేది, తర్వాతి మెట్టు కట్టడానికి చాలేది కాదు.

అలాగని పరీక్షల్లో తప్పారా అంటే అదీ లేదు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా పిలిచి పని అప్పగించింది. కొలరాడోలో కొత్త పరీక్షా కేంద్రం కట్టి, ఫాంటమ్ యుద్ధ విమానానికి వాడే జే79 ఇంజిన్ నుంచి వెలువడే సెగను సూటిగా ప్రీకూలర్ మీదికి వదిలారు. 2019 ఏప్రిల్‌లో 420 డిగ్రీలు. అక్టోబరులో వెయ్యి డిగ్రీలు, అంటే ధ్వనికి ఐదు రెట్ల వేగంలో ఎదురయ్యే వేడి. సెకనులో ఇరవయ్యో వంతు గడవక ముందే చల్లారిపోయింది. పెట్టిన ప్రతి పరీక్షా పాసైన కుర్రాడికి ఉద్యోగం మాత్రం రాకపోవడం మనకు తెలియని కథేమీ కాదు.

అయితే 2012 నుంచి 2019 దాకా ఆ ఏడేళ్లలో ప్రపంచం ఆగిందా? 2015 డిసెంబరులో ఫ్లోరిడాలో ఓ రాత్రి అమెరికావాళ్ల ఫాల్కన్ 9 రాకెట్టు అడుగు అంచె నిప్పులు చిమ్ముకుంటూ తిరిగొచ్చి నిటారుగా నిలబడింది. 2017 మార్చిలో వాడిన అంచెనే మళ్లీ ఎగరేశారు. ఇప్పటికి కొన్ని అంచెలు ఇరవై సార్లకు పైగా వెళ్లొచ్చాయి. దాన్లో గాలి పీల్చే విద్య లేదు, వెంట్రుక గొట్టాల్లేవు. కిరోసిన్, ఆక్సిజన్, బోలెడు బరువు. బాండ్ బరువు తగ్గించి ఖర్చు తగ్గించాలనుకున్నాడు. అమెరికావాళ్లు బరువును దాని మానాన వదిలేసి, పారేసుకోవడం మానేశారు. పైగా ఫాల్కన్‌నూ, దాని సరుకు నౌకనూ తయారు చేయడానికి నాసా ఇచ్చిన సొమ్ము 39.6 కోట్ల డాలర్లు. సరుకు చేరవేసే కాంట్రాక్టు కూడా దాని వెనకే వచ్చింది. కట్టకముందే కొనేవాడు ఖాయమయ్యాడు. సేబర్‌కు మెచ్చుకున్నవాళ్లున్నారు, కొంటానన్నవాడు లేడు. తేడా ఇంజినీరింగ్‌లో కన్నా ఇక్కడే ఎక్కువుందని నా అభిప్రాయం.

డబ్బుంటే అయిపోతుందా అని అడిగేవారికి అమెరికాలోనే జవాబుంది. రీగన్ చెప్పిన విమానం 1993లో ఆగిపోయింది. తర్వాత వచ్చిన ఎక్స్-33 అనే ప్రయోగ నౌక కోసం నాసా, లాక్‌హీడ్ కలిసి 120 కోట్ల డాలర్లకు పైగా పోశాయి. 1999లో పరీక్షిస్తుండగా దాని హైడ్రోజన్ ట్యాంకు పొరలు విడిపోయాయి. 2001లో దాన్నీ చాలించుకున్నారు. అంచెలు పారేసుకోకుండా నేరుగా కక్ష్యకు పోదామన్న కోరిక దేశాల్నే ముంచింది.

మన హైదరాబాద్‌కూ ఈ కోరిక పుట్టింది. భారత్ డైనమిక్స్ మాజీ అధిపతి రాఘవన్ గోపాలస్వామి 1990ల చివర్లో అవతార్ అనే అంతరిక్ష విమానాన్ని ప్రతిపాదించారు. విమానంలా లేచి, దారిలో గాలిని పట్టి అందులోని ఆక్సిజన్‌ను ద్రవంగా మార్చి దాచుకుని, దాంతోనే కక్ష్యకు ఎక్కాలి. పాతిక టన్నుల విమానం, టన్ను సరుకు. అదీ కాగితం దాటలేదు. ఇస్రో వేరే దారి పట్టింది. 2016 మే 23 పొద్దున్నే శ్రీహరికోట నుంచి రెక్కల నౌకను ఘన ఇంధన రాకెట్టు మీద పంపి, 65 కిలోమీటర్ల ఎత్తు నుంచి బంగాళాఖాతం మీదికి దించింది. తర్వాత కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర అలాంటి రెక్కల నౌకనే హెలికాప్టర్‌తో పైకెత్తి వదిలి, రన్‌వే మీద మూడుసార్లు దించి చూసుకుంది. మెల్లగా ముందు దిగడం నేర్చుకుంటోంది, ఎక్కడం తర్వాత. ఆ వరస తెలివైనదేమో అనిపిస్తుంది, స్కైలాన్ కథ చదివాక.

కల్హమ్‌లో చివరి ఏళ్లు ఎలా గడిచాయో ఊహించడం కష్టం కాదు. బాండ్ కంపెనీ బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. స్కైలాన్ మాట తగ్గిపోయింది. జీతాలివ్వాలి కాబట్టి, ప్రీకూలర్ విద్యతో ఇతర పరిశ్రమలకు వేడి తగ్గించే యంత్రాలు చేసిపెట్టే వ్యాపారం మొదలైంది. కొలువులు దొరకని సంగీత విద్వాంసుడు పిల్లలకు సరళీ స్వరాలు చెప్పుకున్నట్టు. అందులో తప్పేం లేదు. కచేరీ మాత్రం జరగలేదు. ప్రీకూలర్‌నూ, దాని పక్క భాగాలనూ విడివిడిగా పరీక్షించారు గానీ, సేబర్ అనే మొత్తం ఇంజిన్ ఒక్కసారైనా మండలేదు.

2024 అక్టోబరు 31, గురువారం. కంపెనీని నిలబెట్టేంత కొత్త పెట్టుబడి దొరక్క అడ్మినిస్ట్రేటర్ల చేతుల్లో పెట్టారు. మన దగ్గర దివాలా కేసుల్లో బయటి మనిషి వచ్చి తాళాలు తీసుకున్నట్టే. 208 మంది ఉద్యోగుల్లో 173 మందికి ఆ రోజే సెలవు. వెంట్రుక గొట్టాన్ని కారకుండా అతకడం ముప్పై ఐదేళ్లలో నేర్చిన చేతులవి. డ్రాయింగులను బీరువాలో పెట్టొచ్చు. చేతివాటాన్ని ఏ బీరువాలో పెడతారు?

తొమ్మిది నెలల తర్వాత, 2025 జులైలో, యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ ఇన్విక్టస్ అనే కొత్త కార్యక్రమం ప్రకటించింది. హైడ్రోజన్‌తో, ప్రీకూలర్ ఉన్న ఇంజిన్‌తో, రన్‌వే మీంచి లేచి ధ్వనికి ఐదు రెట్ల వేగంతో పోయే ప్రయోగ విమానం. 2031 కల్లా ఎగరాలి. కక్ష్యకు కాదు, గాలి ఉన్నంత మేరే. ఫ్రేజర్ నాష్ అనే ఇంజినీరింగ్ సంస్థ నడిపిస్తోంది, క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం తోడుంది. మొదట ఏడాది పాటు డిజైన్ పని.

ఇందుకు కేటాయించింది సుమారు 70 లక్షల పౌండ్లు. 1986లో హోటాల్ అధ్యయనానికి ఇచ్చిన 20 లక్షలను ఇవాళ్టి ధరల్లోకి మార్చి చూశాను. దాదాపు అంతే వచ్చింది.